గాజును గీసే రాయి

నిహారిక ముఖం కడుక్కుని వచ్చినా కనురెప్పల మీద తెల్లటి పొడి పోలేదు. మొగులమ్మ కొంగు తడిపి కోడలి రెప్పలు తుడిచింది. కొంగుకు అంటిన పొడిని రెండు వేళ్ల మధ్య నలిపింది. నలగలేదు. చర్మానికి గుచ్చుకుంది.

"ఇదేం రాయే?"

"సున్నపురాయి అత్తమ్మ. మిల్లు గేటు మీద బోర్డే ఉన్నది గదా. సూపర్‌వైజర్ చంద్రకాంత్ సార్ గూడ అదే చెప్పిండు. ఇండ్లకు సున్నం కొట్టుకుంటలేరా, దానితోని ఏమైతదన్నడు."

"రేపు ఒక ముక్క చున్నీల కట్టుకొని రా."

"రాళ్ల దొంగను చేస్తవా నన్ను? చేరి పదకొండు దినాలే అయింది," అని నిహారిక నవ్వింది. నవ్వు చివర చిన్న దగ్గు వచ్చింది. ఆ దగ్గు మొగులమ్మకు తెలుసు.

లక్డారం దారిలో ఇప్పుడు మూతపడిన ఒక రాతిపొడి మిల్లులో ఆమె పద్నాలుగేళ్లు రాళ్లు ఏరింది. లారీ కుమ్మరించిన కుప్పలో పలుగురాయి ఒక పక్కకు, తక్కినది ఇంకో పక్కకు. కళ్లు మూసుకుని చేతికిచ్చినా చెప్పేది. సున్నపురాయి పగిలితే వాలుగా, నున్నగా పలకలు తేలుతుంది. పలుగురాయి పగిలితే సీసా పెంకులాగా అడ్డదిడ్డంగా పగులుతుంది. రెండు పలుగురాళ్లు కొడితే నిప్పు రవ్వ, కాలిన వాసన. "మొగులమ్మ ఏరితె మచ్చ ఉండది," అని సేటు మెచ్చుకుంటే ఆ రోజంతా ఆమెకు ఆకలి వేసేది కాదు. ఆమె మచ్చ లేకుండా ఏరిన రాయిని లోపల మర నోట్లో పోసేవాడు ఆమె పెనిమిటి అంజయ్య. ఎంత స్వచ్ఛమైన పలుగు అయితే దాని దుమ్ము అంత చెడ్డదని వాళ్లకెవరు చెప్పారు? అంజయ్య దగ్గితే టీబీ అన్నారు. రెండేళ్లు టీబీ మందులు మింగాడు. ఆస్పత్రి కాగితాలు చదవాలని మొగులమ్మ యాభై ఏళ్ల వయసులో మనవడి రెండో తరగతి వాచకం పట్టుకుని అక్షరాలు నేర్చుకుంది. చదవడం వచ్చేసరికి అంజయ్య లేడు. ఆ కాగితాల్లో ఎక్కడా రాయి మాట లేదు.

మరునాడు నిహారిక ముక్క తెచ్చింది, నిమ్మకాయంత. మొగులమ్మ మేకుతో గీసింది. రాయి మీద గీత పడలేదు, మేకు అరిగి నల్లచార మిగిలింది. బాత్రూమ్ కడిగే యాసిడ్ చుక్క వేసింది. సున్నపురాయి అయితే బుసబుసమని పొంగాలి. చుక్క నీళ్లలాగా జారిపోయింది.

"ఇగ రేపటి సంది పోకు."

"పోకుంటె ఎట్ల? నీ కొడుకు కాంట్రాక్టు అయిపోయి ఇంట్ల కూసున్నడు. వాన పడితె భయం, బండి లేటైతె భయం, ఇప్పుడు రాయిని సూసి గూడ భయమా నీకు?"

మొగులమ్మ తెల్లారి పొద్దున్నే కోడలి వెనకే మిల్లుకు నడిచింది. చేతిలో ఆ ముక్క, సంచిలో యాసిడ్ సీసా.

గేటు దగ్గర షిఫ్టుకు వచ్చిన ఆడవాళ్లు, నిహారిక కాక, ఆరుగురు ఉన్నారు. చంద్రకాంత్ కొత్త కారు దిగుతున్నాడు.

"సారూ, గిది పలుగురాయి. సున్నమని బోర్డెందుకు పెట్టిన్రు? పలుగని రాస్తె దుమ్ము గుంజే మిషన్లు పెట్టాల్సొస్తదనా? ఏటేటా ఎక్స్‌రేలు తీపియ్యాల్సొస్తదనా?"

చంద్రకాంత్ నవ్వాడు. "అవ్వా, ఏ ఊరి సైంటిస్టువు నువ్వు? ఎక్కడో దొరికిన రాయి తెచ్చి మా మీద రుద్దుతున్నవ్." ఆఫీసులోకి పోయి, గేటు నుంచే కనబడే బల్ల మీది నమూనా రాయి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇదీ మా రాయి. పొయ్యి నీ యాసిడ్."

పోసింది. తెల్లగా పొంగింది. ఆడవాళ్లు నవ్వారు. ఆగమ్మ అనే ఆమె, "పెద్దమ్మా, ఇంటికి పో, ఎండ ముదురుతున్నది," అంది. నిహారిక సిగ్గుతో తల దించుకుంది.

మొగులమ్మకు చెవులు భగ్గుమన్నాయి. "బల్ల మీద పెట్టుకున్న రాయి నాకెందుకు? మర నోట్ల పోసే రాయి తెప్పియ్యి!"

"లోపలికి బయటోళ్లను రానియ్యం."

"నువ్వు రానియ్యకు. నా కోడలు లోపటిదే గదా!"

నిహారిక కదల్లేదు. అత్తను చూసింది, సారును చూసింది. ఆ నిలబడడంలోనే దగ్గు వచ్చింది, మొన్నటికన్న పొడుగ్గా. ఆగాక ఎవరినీ చూడకుండా గేటు దాటి కుప్ప దగ్గరికి పోయింది, చేతికందిన రాయి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

మొగులమ్మ ముందు బల్ల మీది రాయిని కారు అద్దం మీద గట్టిగా రుద్దింది. తెల్ల పొడి రాలింది. కొంగుతో తుడిస్తే అద్దం మామూలుగానే ఉంది. తర్వాత కుప్పలోని రాయి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి లాగింది. కీచుమన్న చప్పుడుకు ఆడవాళ్లు పళ్లు కరుచుకున్నారు. తుడిచింది. గీత పోలేదు.

"ముసల్దానా! నా బండి!" చంద్రకాంత్ కేకలు పెట్టాడు.

"గాజునే గిట్ల గీరితె మెత్తటి ఊపిరితిత్తి ఎంతసేపు ఆగుతది? ఎవల్నడగాలె నేను? నా పెనిమిటిని తెచ్చియ్యుమని ఎవల్నడగాలె?"

"నీ కోడలు రేపటి నుంచి రావద్దు! ఇప్పటి నుంచే రావద్దు!"

ఆగమ్మ ముందుకు వచ్చి అద్దం మీది గీతను గోటితో గోకి చూసింది. ఆమె, ఇంకొకామె వెనక్కి తిరిగి రోడ్డు ఎక్కారు. తక్కిన నలుగురు చున్నీలు మూతికి రెండు చుట్లు చుట్టుకుని లోపలికి పోయారు. మొగులమ్మ వాళ్లను ఒక్కొక్కరిగా పిలిచింది. ఎవరూ ఆగలేదు.

ఇంటి దారి పొడుగునా నిహారిక తిడుతూనే ఉంది. "పని పోగొట్టినవ్. బజార్ల ఇజ్జత్ తీసినవ్. నేను పోరణ్ని తీసుకొని మా అమ్మోళ్లింటికి కొండాపూర్ పోత, సూసుకో."

ఆ మాటకు మొగులమ్మకు మనవడు లేని ఇల్లు కళ్ల ముందు కనబడింది. అయినా నడక ఆపలేదు.

"పో బిడ్డా. కొండాపూర్ల దుమ్ము లేదు. మిల్లుకు మాత్రం మళ్ల పోయినవంటె ఈసారి అద్దం గీరను, పగలగొడుత."