వంతెన గోదాముకు రెండు నకళ్ళు

ఆరు రోజులు గుర్రుగుర్రుమని తిరిగి, ఏడో రోజు పొద్దున కంప్యూటరు చేతులెత్తేసింది. నాలుగు వందల మందుల దుకాణాలు, అరవై వ్యాన్లు, పదకొండు గోదాములు. ఏ మందు ఏ గోదాము నుంచి ఏ వ్యానులో ఏ దారిన వెళ్ళాలో అంతా ఒక్కసారిగా తేల్చమంటే దానికి దిక్కు తోచలేదు.

ప్లానింగు గదిలో ఇలాంటి గండానికి విరుగుడు తెలిసింది ఒక్కరికే. ఆమెను అందరూ కత్తెర అంటారు. ఎంత పెద్ద చిక్కునైనా ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ జవాబు రాబట్టి, మళ్ళీ అతికించడం ఆమె పని.

"కత్తెరమ్మా, సాయంత్రం నాలుగుకి వ్యాన్లు కదలాలి. ఇన్సులిన్ అందకపోతే జనం వచ్చి మన నెత్తిన కూర్చుంటారు," అన్నాడు మేనేజరు.

"గడియారం చూపించి కోయిస్తే కుట్లు వంకరగా పడతాయి సార్."

"వంకరైనా ఫర్వాలేదు, ఊడిపోకపోతే చాలు."

ఆమె పటం మీద నది వెంబడి గీత గీసింది. తూర్పు ముక్క ఒకటి, పడమర ముక్క ఒకటి. చిక్కల్లా వంతెన పక్కనున్న గోదాముతోనే. అది రెండు ఒడ్డులకూ సరుకు పంపుతుంది. అలాంటప్పుడు ఎప్పుడూ చేసేదే చేసింది. గోదాముకు రెండు నకళ్ళు తీసి చెరో ముక్కలో పెట్టింది. అక్కడ ఇవాళ ఎన్ని పెట్టెలు దింపాలో తూర్పు ముక్క ఒక అంకె చెబుతుంది, పడమర ముక్క ఒకటి చెబుతుంది. రెండూ కలవకపోతే ఎక్కువ అడిగిన వైపు కాస్త బిగించి, తక్కువ అడిగిన వైపు కాస్త వదిలి మళ్ళీ నడపాలి. అదొక విడత. తేడా మూడు పెట్టెల లోపుకు దిగితే ఆపేయడం ఆ గదిలో ఆనవాయితీ. మూడు పెట్టెల కోసం ఎవరు తల బద్దలు కొట్టుకుంటారు?

ఆ గోదాములో స్టోర్‌కీపరు ఆమె అన్నయ్యే. ఇరవై ఏళ్ళుగా అక్కడే, తూర్పు గదిలో కూర్చుంటున్నాడు.

మొదటి విడత పదకొండింటికి ముగిసింది. తూర్పు నూటపది, పడమర డెబ్బై. తేడా నలభై. ఆ అంకె తెర మీద పడిందో లేదో, ఫోను మోగింది.

"ఏమే, నా మీద నిఘా పెట్టించావా?"

"నిఘా ఏంటన్నయ్యా? పని లేదా నీకు?"

"పడమటి గదిలో ఎవడో కూర్చున్నాడే. ఆ గది మూసి ఏళ్ళయింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల ఎవరో రాస్తున్న చప్పుడు."

"ఎలుకలేమో."

"ఎలుకలు పెన్ను విదిలిస్తాయా?"

ఆమె నవ్వేసి రెండో విడత నొక్కింది. తేడా ఇరవై రెండు. మళ్ళీ ఫోను.

"కిటికీ సందులోంచి చూశా. ఎవడో బక్కవాడు, మన వంశం కాదులే," అన్నాడు అన్నయ్య. ఆయన గొంతులో వేళాకోళం ఇంకా ఉంది.

మూడో విడతకి తేడా తొమ్మిది. ఈసారి ఆయన గుసగుసలాడాడు. "వాడు లావవుతున్నాడే. నా చొక్కాలాంటిదే వేసుకున్నాడు. ఇక్కడ నా బెల్టు రెండు రంధ్రాలు వదులైంది."

ఆమె తెర మీది అంకెల వంక చూసింది. రెండు నకళ్ళూ ఒకదాని వైపు ఒకటి నడుస్తున్నాయి. మధ్యలో కలుసుకోవడం కోసం ఒకటి పెరుగుతోంది, ఒకటి తరుగుతోంది.

"అన్నయ్యా, నువ్వు ఆ కిటికీ దగ్గర్నుంచి వచ్చెయ్. మన చిన్నప్పటి ఇంటికి ఎన్ని గదులు, చెప్పు?"

"రెండు." మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నట్టు గొణిగాడు. "నాలుగు కూడా గుర్తొస్తున్నాయే. మేడ ఉంది. మనకి మేడ ఉండేదా?"

లేదు. ఎప్పుడూ లేదు.

ఇంకో విడత నడిపింది. తూర్పు తొంభై ఒకటి, పడమర తొంభై. మేనేజరు వెనకనుంచి తొంగి చూసి చప్పట్లు కొట్టాడు. "ఒక్కటే తేడా! ఆపెయ్యమ్మా, ప్రింటు కొట్టు."

"ఒక్క నిమిషం సార్."

మళ్ళీ నడిపింది. తూర్పు తొంభై, పడమర తొంభై ఒకటి. ఇంకోసారి నడిపింది. అటుది ఇటు, ఇటుది అటు. పెట్టెను సగానికి కోయలేరు కాబట్టి, ఆ ఒక్కటి ఎన్ని విడతలు తిప్పినా పూడేలా లేదు. ఇక్కడ ఆపితే వంతెన దగ్గర ఇద్దరు మిగిలిపోతారు. ఇద్దరూ దాదాపు అన్నయ్యే. ఏ ఒక్కడూ పూర్తిగా అన్నయ్య కాదు.

ఒక నకలు చెరిపేస్తే? గోదామును ఒక్క ఒడ్డుకే రాసిచ్చేయొచ్చు. ఫోను చేసింది.

"అన్నయ్యా, నువ్వు తూర్పు గదిలోనే ఉన్నావు కదా?"

అటు తాళంచెవులు గలగలలాడాయి. "అదే చూసుకుంటున్నానే."

ఆమె ఫోను పెట్టేసింది. మూడున్నరకి ఇంకా పావుగంట ఉంది. రెండు నకళ్ళనూ చెరిపేసి, గోదామును మళ్ళీ ఒక్కటిగా చేసింది. కానీ గీత అంటూ లేకపోతే యంత్రం కదలదు. ఎక్కడో ఒకచోట కోయాలి. నదికి ఎగువన జరిపితే అక్కడో స్టోర్‌కీపరు ఉంటాడు, దిగువన జరిపితే ఇంకొకడు. ఎవరి అన్నయ్యో, ఎవరి నాన్నో. పటం మీద వేలు పెట్టి వెతుకుతూ వెతుకుతూ నగరం నడిబొడ్డున ఆగింది. కేంద్ర గోదాము. అంటే ఈ భవనమే. కింద సరుకు, పైన ప్లానింగు గది. ఇక్కడినుంచి గీత గీయడానికి అడ్డేమీ లేదు. ఇంతవరకు ఎవరూ గీయలేదు, అంతే.

గీసింది. ఈ భవనానికే రెండు నకళ్ళు తీసి, మొదటి విడత నొక్కింది. తేడా ముప్పై ఆరు.

వెంటనే అన్నయ్యకు ఫోను కలిపింది. ఎంగేజు. మళ్ళీ కలిపింది. మళ్ళీ ఎంగేజే.

చెక్క అడ్డుగోడ అవతల, ఎవరూ కూర్చోని మూల, ఎవరో కుర్చీ లాక్కున్నారు. "చెప్పన్నయ్యా," అంది ఒక గొంతు. కాస్త బొంగురుగా ఉంది కానీ ఆమెదే. "ఆ గది ఖాళీయేనా? సరిగ్గా చూశావా? హమ్మయ్య. ఇల్లు రెండు గదులేలే, మేడా లేదు, గీడా లేదు." చిన్న నవ్వు. తర్వాత గొంతు తగ్గింది. "ఇక్కడే ఏదో తేడాగా ఉందన్నయ్యా. గోడకి అవతల ఎవరో ఉన్నారు. టైపు చేస్తున్న చప్పుడు."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. అవతల కూడా నిశ్శబ్దం.

కింద వ్యాన్ల ఇంజన్లు మొదలవుతున్నాయి. నాలుగు కావడానికి ఇరవై నిమిషాలున్నాయి. ఆమె రెండో విడత నొక్కింది.