స్టీలు సామాన్ల బండి చైను

నేను ఒక మోటారు సైకిలు చైనును. వృత్తిరీత్యా దళారిని. ఇంజిను దగ్గర బలం తీసుకుని వెనక చక్రానికి అప్పజెబుతాను. నాకంటూ మిగిలేది కాస్త వేడి, కాస్త అరుగుదల. ఇంతకంటే తక్కువ లాభానికి పనిచేసే దళారిని మీరు చూసి ఉండరు.

ఇనుప రేకుల్ని కత్తిరించి, పిన్నులతో కూర్చి, నూనెలో ముంచి నన్ను తయారుచేశారు. ముందొకటి, వెనకొకటి ఉండే రెండు పళ్ళ చక్రాలతో కలిపి ఒకే అట్టపెట్టెలో పెట్టారు. కనిగిరిలో ఒక విడిభాగాల కొట్లో పై అర మీద చాలాకాలం పడి ఉన్నాం. ఆ కొట్టు యజమాని అమ్ముడుపోయే పెట్టెలనే దుమ్ము దులిపేవాడు. దులపని పెట్టెలు అమ్ముడుపోవడం లేదని దిగులుపడేవాడు. మనుషుల లెక్కలు నాకు మొదట అర్థమైంది అక్కడే.

చివరికి మెకానిక్ కోటిలింగం నన్ను కొనుక్కుపోయి ఖాజావలి బండికి బిగించాడు.

ఖాజావలి, అతని భార్య మస్తానమ్మ ఊరూరా తిరిగి పాత చీరలకు స్టీలు సామాన్లు ఇస్తారు. బండికి రెండు వైపులా సంచులు, వెనక ఇనుప స్టాండు మీద బిందెలు, బేసిన్లు, మధ్యలో ఒళ్ళో పళ్ళేల కట్టతో మస్తానమ్మ. పొద్దున మెరిసే బరువుతో బయలుదేరి, సాయంత్రం మెత్తటి బరువుతో ఇంటికొస్తారు. బేరంలో మస్తానమ్మది పైచేయి. చీర కొంగు వేళ్ళతో నలిపి చూసి, అందులో జరీ ఎంతుందో, ఆ ఇల్లాలికి ఆ చీర మీద మమకారం ఎంతుందో కలిపి తూకం వేస్తుంది.

ఖాజావలికి ఒక నియమం ఉంది. సరుకుతో గ్యారేజీకి వెళ్ళడు. గ్రీజు మరక పడ్డ గిన్నెను ఏ ఇల్లాలూ కొత్తదంటే నమ్మదు. అందుకే సామాన్లన్నీ ఇంట్లో దించి, మస్తానమ్మనూ దించి, బండిని శుభ్రంగా తుడిచి మరీ తీసుకెళ్తాడు. పెళ్ళిచూపులకు తీసుకెళ్ళినట్టే.

నన్ను బిగించిన రోజూ అంతే చేశాడు. కోటిలింగం వెనక చక్రం విప్పి, పళ్ళ చక్రాలు మార్చి, నన్ను ఎక్కించి, బిగువుగా లాగి నట్లు బిగించాడు. ఖాజావలి కాలి బొటనవేలితో నన్ను నొక్కి చూశాడు. నేను పెద్దగా కదల్లేదు. అతనికి సంతోషం వేసింది. వేలాడే చైనును చూస్తే అతనికి బేరంలో లొంగిపోయినట్టు ఉండేది.

మర్నాడు సామాన్లు ఎక్కాయి, మస్తానమ్మ ఎక్కింది. బరువుకు షాకబ్జార్లు దిగాయి. అవి దిగితే వెనక చక్రం ఇంజినుకు ఇంకొంచెం దూరం జరుగుతుంది, ఆ దూరం పూడ్చాల్సింది నేనే. నా దగ్గర ఇవ్వడానికి వదులు లేదు. ఊరు దాటేసరికి తీగలా బిగుసుకుపోయాను. వెనక చక్రం బరువుగా ఈడ్చుకుంటూ తిరిగింది. నాకున్న భాష ఒక్కటే. అరిచాను.

ఖాజావలి వెనక్కి వచ్చి, సామాన్లు దించి, బండి తుడిచి గ్యారేజీకి తీసుకెళ్ళాడు. కోటిలింగం ఎక్కి బజారంతా తిప్పాడు. నాకేం నొప్పి? బండి ఖాళీ.

"సౌండేదీ ఖాజా అన్నా? పావురంలా పోతుంటే."

"నీకు చెవుల్లో గ్రీజు పోయిందిరా కోటీ."

మాట పడలేక కోటిలింగం చక్రం బేరింగు మార్చాడు. బరువెక్కాక మళ్ళీ అరిచాను. చక్రం వంకరేమోనని విప్పి సరిచేశాడు. మళ్ళీ అరిచాను. గ్యారేజీకి పోయిన ప్రతిసారీ బుద్ధిమంతుణ్ణి, ఊరి దారి పట్టగానే గయ్యాళిని. మెకానిక్ తనను ముంచుతున్నాడని ఖాజావలికి అనుమానం. ఖాజావలి గొడవకు సాకు వెతుక్కుంటున్నాడని కోటిలింగానికి అనుమానం. ఇద్దరూ నన్నే ఎందుకు అడగలేదో నాకు తెలియదు.

చివరికి ఖాజావలి విసిగిపోయాడు. సోమవారం పొద్దున బండి కొనడానికి, పాత బండ్లు విప్పి ఇనుము కింద అమ్మే బేరగాణ్ణి రమ్మన్నాడు.

"బండమ్మితే సామాన్లు నెత్తినబెట్టుకు తిరగమంటావా?" అంది మస్తానమ్మ.

"అద్దె ఆటో మాట్లాడదాం."

"తండాల్లో సందుల్లోకి ఆటో యాడ పోద్ది? రోడ్డు మీద నిలబడి కేకేస్తే పాత చీరెత్తుకొని ఎవురొస్తారయ్యా? గుమ్మంలో కూచుంటేనే బేరం."

ఆమెకు బండి పోవడమంటే తన గుమ్మాలన్నీ పోవడం. నాకు మాత్రం ముక్కలై పాత ఇనుములో పడడం.

ఆదివారం ఆఖరి తిరుగుడుకు వెళ్ళాం. పామూరు దారిలో ఒక ఎత్తు దగ్గర నా అరుపు భరించలేక మస్తానమ్మ దిగి నడిచింది. అరుపు సగానికి సగం తగ్గింది. ఎత్తు దాటాక ఎక్కింది. మళ్ళీ మొదలైంది.

"ఆపు," అంది. దిగింది. "పోనీ." కొంచెం దూరం పోనిచ్చి, "ఇటు రా," అని పిలిచి మళ్ళీ ఎక్కింది. ఆ తర్వాత తనూ దిగి, బిందెలు కూడా దింపించి పోనిమ్మంది. నేను నోరు మూసుకున్నాను.

"అయితే రోగం నువ్వేనన్నమాట," అన్నాడు ఖాజావలి.

"నా బరువు నీకు పెళ్ళయిన కాణ్ణుంచీ తెలుసు. తెలవంది ఆ కోటికి. ఏనాడన్నా నన్ను చూపించావా? పా, ఇట్టనే గ్యారేజీకి పోదాం."

"గ్రీజు అంటుకుద్దే."

"అంటుకున్న గిన్నెలో మనమే వండుకుందాం. నడువు."

కోటిలింగం ఆ కట్టల్నీ, పైన కూర్చున్న మస్తానమ్మనీ చూసి పాన తుడుచుకుంటూ నిలబడిపోయాడు. తర్వాత వంగి నన్ను వేలితో పైకి లేపబోయాడు. నేను లేవలేదు. బండిని ఓసారి చూశాడు, నన్ను ఓసారి చూశాడు, నిదానంగా నవ్వాడు.

"ఇంత సంసారం మోస్తదని ఒక్కరోజన్నా చెప్పావా అన్నా? ఖాళీ బండికి కొలత తీసి కుట్టాను నేను. కడుపునిండా తిన్నాక చొక్కా బిగుసుకోదా మరి?"

"ఇన్నాళ్ళలో ఒక్కసారన్నా అడిగావా నువ్వు?" అంది మస్తానమ్మ.

"అడగలేదొదినా. దిగు."

ఇరుసు నట్టు వదులు చేసి, నాకు కాస్త వెసులుబాటు ఇచ్చి, ఇద్దర్నీ ఎక్కించాడు. నొక్కి చూశాడు. దింపాడు. మళ్ళీ ఎక్కించాడు. ఫోటో స్టూడియోలో కొత్త దంపతుల్లా వాళ్ళు బిందెల మధ్య కదలకుండా కూర్చుంటే, వీధిలో వాళ్ళు చూసి నవ్వుకున్నారు. టీ కొట్టు ఆవిడ వచ్చి నిలబడి ఒక చారు గిన్నె బేరమాడింది. గ్రీజు ఎక్కడా అంటలేదు.

సోమవారం బేరగాడు వచ్చేసరికి ఖాజావలి బండికి సామాన్లు కడుతున్నాడు.

"అమ్మట్లేదా?"

"అమ్ముతున్నాం," అంది మస్తానమ్మ. "బండి కాదులే. మీ ఇంట్లో పాత చీరలేమన్నా ఉంటే తీసుకురా. మంచి బాండీ ఇస్తా."

అతను ఇంటికి పోయి నిజంగానే తెచ్చాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ దంపతుల్ని మోశాను. నేను మోసిన బరువు, నాకు దొరికిన వదులు సరిగ్గా సరిపోయాయి. ఒక బతుకు నుంచి నేను అంతకంటే ఎక్కువ అడగను. పిన్నులు అరిగి, సాగిపోయాక కోటిలింగం నన్ను విప్పి, పాత ఇనుములో వేయకుండా గోడ మేకుకు తగిలించాడు. కొత్త చైను వేయించుకునేందుకు వచ్చేవాళ్ళకు సాగిన చైను ఎలా ఉంటుందో చూపించడానికి. ఇప్పుడు నాకు నూనె ఖర్చు లేదు, అరుగుదల లేదు, రోజంతా కాలక్షేపం.

మొన్న పాలు పోసే నరసింగరావు వచ్చాడు. బండికి ఖాళీ కేన్లు వేలాడుతున్నాయి.

"చైను బిగించు కోటీ. తొందరగా పోవాల."

"కేన్లు నింపుకొని రా. బరువు మీదే బిగిస్తా."

"పాలు పోసుకొని నీకాడ కూచుంటే విరిగిపోవా?"

"అయితే నీళ్ళు పోసుకొని రా," అన్నాడు కోటిలింగం, పాన వెతుక్కుంటూ. "నీకు అలవాటు లేని పనేం కాదుగా."