బడి గోడకు గండి

తెల్లవారి నమాజు కాగానే రసూల్ సాహెబ్ ఫ్లాస్కులో టీ పోసుకుని, దుప్పటి చంకన పెట్టుకుని ముచ్చుమర్రి గట్టు దిగాడు. అప్పటికే బీబమ్మ పడవలో చేరిన నీళ్లు తోడిపోస్తోంది. ముప్పై ఏళ్లు ఆత్మకూరులో లారీలకు టార్పాలిన్లు కుట్టిన మనిషి రసూల్ సాహెబ్. పని మానేశాక మిగిలిన టార్పాలిన్ పట్టాలతో తెరచాప కుట్టాడు. పాత లారీ చెక్కలతో, ఇద్దరు పడుకునేంత గది ఉన్న పడవ కట్టాడు. నీళ్లు నిండిన నెలల్లో ఆలుమగలిద్దరూ అందులోనే తిరుగుతుంటారు. "యాడికి పోతాండారు?" అని ఎవరైనా అడిగితే బీబమ్మ "ఊరికే" అంటుంది.

చుక్కాని ఆమెదే. ఆమె పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఆమె చుక్కాని పట్టిందంటే, ఆ ఊరు వచ్చేసరికి పడవ వీధుల వెంబడే పోతుంది. గోడల మీదుగా పోదు. మసీదు మూల తిరిగి, కంసాలి వీధి దాటి, కళ్లాల దగ్గర బయటపడుతుంది. అరగంట ఆలస్యం. ఆ వేళకు జాలర్లు ఎద్దులబండికి తప్పుకున్నట్టు వలలు పక్కకు లాక్కుంటారు.

ఆ శ్రావణం పొద్దున సంగమేశ్వరం గట్టుకు బయల్దేరారు. పది గంటలకల్లా పడమటి గాలి లేచింది. కాసేపటికి అలలు పడవ అంచు దాటి లోపల పడసాగాయి. రసూల్ సాహెబ్ తెరచాప సగం దించి తాడు చేతికి చుట్టుకోబోయాడు.

"సుట్టుకోవద్దు, ఏళ్లు తెగిపోతాయి! ఊరికే పట్టుకో."

"యెనక్కి తిప్పు బీబీ!"

"ఇప్పుడు తిప్పితే బోల్తానే. బడి కాడికి పోదాం."

పడవ మునిగిన ఊళ్లో మూడు వీధులు తిరిగి, ఆమె చదివిన బడి ఆవరణలోకి దూరింది. లోపల నీళ్లు గిన్నెలో పాలలా కదలకుండా ఉన్నాయి. అలలు ప్రహరీ అవతలే విరిగి పడుతున్నాయి. ఇద్దరూ టీ తాగారు.

అంతలో కేక వినబడింది. గోడకు అవతల, బోర్లాపడిన గుండ్రటి పుట్టిని పట్టుకుని పెద్ద ఈరన్న. సంగమేశ్వరం గట్టున చేపలు పట్టి బతికే మనిషి. తల మునిగి తేలుతోంది.

బీబమ్మ పడవను అటు తిప్పింది. నీళ్ల కింది గోడ దగ్గరికి రాగానే పడవ ఆగిపోయింది. రసూల్ సాహెబ్ విసిరిన తాడు సగం దూరం కూడా పోలేదు.

"వాకిలి తూర్పున ఉండాది. సుట్టూ పోయేలోగా ఆయప్ప ఉండడు" అన్నాడు.

బీబమ్మ కళ్లు మూసుకుంది. ఐదో తరగతిలో లెక్కల అయ్యవారు రాకముందే పిల్లలు పారిపోయే చోటు గుర్తొచ్చింది. నీళ్లతొట్టి పక్కన, వేపచెట్టు వెనక, గోడకు గండి.

"తెరసాప పూర్తిగా దించి తెడ్డు ఎయ్యి. తల వంచు!"

"గండి శానా చిన్నది గదా?"

"అప్పుడు మేమూ ఇట్లే అనుకుంటాంటిమి."

ఆమె ఒంగి చుక్కాని తోసింది. పడవ ఒక పక్కకు ఒరిగి, చెక్కలు కిర్రుమంటుండగా గండిలోంచి బయటపడింది. రెండు పక్కలా సున్నం అంటింది. మొదటి అల వాళ్లను ఎత్తి కుదేసింది. రెండోసారికి బీబమ్మ ఈరన్న చొక్కా దొరకబుచ్చుకుంది. భార్యాభర్తలిద్దరూ అతన్ని లోపలికి లాగి, వచ్చిన దారినే మళ్లీ బడిలోకి దూరారు. గాలి తగ్గేదాకా అక్కడే ఉన్నారు. చుక్కాని వదలని బీబమ్మ అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి.

పొద్దు వాలాక సంగమేశ్వరం గట్టుకు చేరారు. పుట్టి బోల్తాపడటం గట్టు మీది నుంచి ఎవరో చూసి చెప్పారట. ఈరన్న పెళ్లాం హంపమ్మ చుట్టూ ఆడవాళ్లు చేరి ఏడుస్తున్నారు. ఈరన్న తన కాళ్ల మీద తానే నడిచి గట్టెక్కాడు. ఏడుపు ఆగింది.

"బీబక్క బడి గోడ గండిలోంచి తీస్కచ్చింది" అన్నాడు.

హంపమ్మ లేచి వచ్చింది. బీబమ్మ చేతులు రెండూ తీసుకుని, చిట్లిన చోట తగలకుండా, కళ్లకద్దుకుంది.

"ముందు ఆయప్పకు పొడిగుడ్డలియ్యిమ్మా" అంది బీబమ్మ.