ఒక్కరు చాలు

ఆరో మనిషిని తిప్పేసరికి పెద్దాయమ్మకి నడుము పట్టేసింది. మంచం కమ్మీ పట్టుకుని కాసేపు వంగినట్టే నిలబడి, గోడ గడియారం వైపు చూసింది. పదకొండు దాటింది. పదకొండున్నరకి గడియారం సారు వస్తాడు.

ఆ పెద్దాసుపత్రి రెండో అంతస్తు వార్డులో ముప్పై నాలుగు మంచాలు. తమంతట తాము కదల్లేనివాళ్లు పద్నాలుగు మంది. రెండు గంటలకోసారి వాళ్లని ఈ పక్కనుంచి ఆ పక్కకి తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. పద్నాలుగో మనిషి దగ్గరికి చేరేసరికి మొదటి మనిషికి మళ్లీ వేళవుతుంది. ఈ మధ్యలోనే దుప్పట్లు మార్చాలి, మలమూత్రాలు ఎత్తాలి, ఎక్స్‌రే గదికి బండి తొయ్యాలి. ఇవన్నీ ఇప్పుడు పెద్దాయమ్మ ఒక్కతే చేస్తోంది. చేస్తోందని చెప్పుకోవడమే గాని, నిన్న నలుగురిని సాయంత్రం దాకా ముట్టుకోనే లేదు.

నెల కిందటి దాకా ఇద్దరు ఆయాలుండేవారు. రెండో ఆమెని అందరూ చిన్నాయమ్మ అనేవాళ్లు. చిన్నదేం కాదు, నలభై దాటాయి. పదకొండేళ్లుగా తాత్కాలికం అనే మాట కింద పనిచేస్తోంది. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు నిలబడి, రోగి నడుము కింద మడతపెట్టి వేసిన దుప్పటి చెరొక కొస పట్టుకుని "ఒకటి, రెండు, ఊఁ" అనుకునేవారు. మనిషి నిద్ర చెడకుండా పక్కకి ఒత్తిగిల్లేవాడు.

ప్రభుత్వానికి జీతాల బరువు ఎక్కువైందట. ఏ పనికి ఎంతమంది కావాలో కొలిచి, మిగిలినవాళ్లని తగ్గించమని ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వుకి పెట్టిన పేరు వార్డులో ఎవరికీ నోరు తిరగలేదు. కొలవడానికి స్టాప్‌వాచీ, అట్టకి తగిలించిన కాగితాలూ పట్టుకుని ఒక సన్నపాటి ఆఫీసరు తిరిగాడు. అతనికే గడియారం సారని పేరు పడింది. మర్యాదస్థుడు, ఆయాల్ని కూడా మీరు అనే పిలుస్తాడు. అతనిదీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగమేనని తర్వాత తెలిసింది.

అతను మొదటిసారి వచ్చిన రోజున చిన్నాయమ్మ గంట ఆలస్యం. ఇంట్లో అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ వార్డులో ఒక ఆనవాయితీ ఉంది: ఎవరైనా రాకపోతే రాలేదని చెప్పరు, స్టోర్‌కి వెళ్లిందని చెబుతారు. హెడ్ నర్సుకీ తెలుసు, ఆవిడా అడగదు. ఆ లెక్కన ఆ స్టోర్‌రూమ్‌లో ఏ వేళప్పుడు చూసినా పదిమందైనా కిక్కిరిసి ఉండాలి.

"రెండో ఆవిడ ఏరి?" అని అడిగాడు గడియారం సారు.

"స్టోర్‌కి వెళ్లింది సార్. ఈలోగా నేను చూపిస్తా చూడండి," అంది పెద్దాయమ్మ.

మోకాలు మంచం అంచుకి ఆనించి, దుప్పటి కొస మణికట్టుకి చుట్టి, ఒడుపుగా లాగి ఒక్కతే తిప్పేసింది. ఇరవై రెండేళ్ల చెయ్యి మరి. నిమిషం నలభై సెకన్లు పట్టింది. అతను శభాష్ అన్నాడు. ఆవిడ పొంగిపోయి టీ కూడా తెప్పించింది. చిన్నాయమ్మకి గైర్హాజరు పడకుండా కాపాడానని ఆ పూటంతా మురిసిపోయింది.

రెండు నెలలకి కాగితం వచ్చింది. అందులో చిన్నాయమ్మ పేరు లేదు. 'ఈ పనికి ఒక్కరు చాలునని పరిశీలనలో తేలినందున రెండవ పోస్టు మిగులు' అని మాత్రం ఉంది. నెలకి పద్నాలుగు వేలు తెచ్చుకునే మనిషి ఇప్పుడు రెండిళ్లలో అంట్లు తోమి అయిదు వేలు తెచ్చుకుంటోంది. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదేనని పెద్దాయమ్మ తిండి సయించక కుమిలిపోయింది. చిన్నాయమ్మ నిష్ఠూరమాడలేదు. "నన్ను కాపాడబోయావక్కా, నీ తప్పేముంది?" అంది. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రి యూనియన్ సెక్రటరీ మూడు వారాలు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, మళ్లీ ఒకసారి కొలిచేందుకు ఒప్పించాడు. ఆయన లిఫ్టు నడిపేవాడు గనక అందరూ లిఫ్టు అనే పిలుస్తారు. లిఫ్టు చెడిపోయి రెండేళ్లయింది. ఆయన పోస్టు మాత్రం పోలేదు. కదలని లిఫ్టుని కొలవడం గడియారానికి చేతకాలేదు కాబోలు.

పదకొండుంబావుకి ఆయన చిన్నాయమ్మని వెంటబెట్టుకుని వార్డుకి వచ్చాడు.

"ఇదే ఆఖరి అవకాశం. ఇవాళ ఒక్కదానివల్ల కాదని తేలితే పోస్టు వెనక్కి వస్తుంది. తేలకపోతే ఫైలు మూసేస్తారు," అన్నాడు పెద్దాయమ్మతో.

"నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యకు. అదే పని. దుప్పటి పట్టుకో, లాగు, రావట్లేదను. మళ్లీ లాగు, రావట్లేదను. మూడోసారి నడుం పట్టుకుని కూలబడు. అంతే."

"అబద్ధం ఆడమంటావా?"

"అబద్ధం ఆ రోజు ఆడావు. ఇద్దరి పని ఒక్కదానివే చేసి, నడుం పీక్కుపోతున్నా నవ్వుతూ టీ ఇచ్చావు చూడు, అదీ అబద్ధం. ఇవాళ నిజం చెప్పమంటున్నా."

ఆమె తొమ్మిదో మంచం వైపు చూసింది. పరీక్షకి ఆ రోజు తిప్పిన మనిషినే తిప్పాలని సారు ముందే కబురు పెట్టాడు. తొమ్మిదో మంచం మీద ఉన్నది ఒకప్పటి బస్సు డ్రైవరు. ఎనభై కిలోల మనిషి, పక్షవాతంతో కుడివైపంతా పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తుంది. సంగతి ఆయనకీ తెలుసు.

"బాబాయ్, కాసేపు ఇబ్బంది పడాలి నువ్వు," అంది పెద్దాయమ్మ.

"పడతాలే," అన్నాడాయన, మూతి ఒకవైపే నవ్వుతూ. "ఇవాళ... బ్రేకు తొక్కి... పడుకుంటా. బండి కదిలితే... ఒట్టు."

చిన్నాయమ్మ ఫక్కున నవ్వింది. నెల రోజుల తర్వాత ఆమె నవ్వడం పెద్దాయమ్మ అప్పుడే చూసింది. ఎంత కష్టమైనా సరే, ఈసారి తన చేతులు కట్టేసుకోవాల్సిందే అనుకుంది.

గడియారం సారు సరిగ్గా పదకొండున్నరకి వచ్చాడు. తెల్లచొక్కా, చంకలో అట్ట. అందరికీ నమస్కారం పెట్టి, "పరీక్ష అయ్యేదాకా ఇంకెవరూ రోగిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రద్దవుతుంది, మళ్లీ పెట్టరు," అని చెప్పాడు. లిఫ్టూ చిన్నాయమ్మా తలుపు దగ్గర నిలబడ్డారు. హెడ్ నర్సు వార్డు ఆ చివర ఒకరికి సూది ఎక్కిస్తోంది.

"మొదలుపెట్టండమ్మా."

పెద్దాయమ్మ దుప్పటి పట్టుకుంది. లాగకుండా లాగినట్టు కనిపించడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. చేతులు పాత ఒడుపులోకి వెళ్లబోతుంటే బలవంతాన వెనక్కి తీసుకుంది.

"రావట్లేదు సార్."

"మళ్లీ ప్రయత్నించండి."

మళ్లీ పట్టుకుంది. డ్రైవరు బాబాయి కళ్లు గట్టిగా మూసుకుని, బతికున్న ఎడమవైపంతా బిగబట్టుకుని పడుకున్నాడు. సారు గడియారం చూసి రెండు నిమిషాలని రాసుకున్నాడు. అతని మొహంలో కూడా కాస్త ఊరట కనిపించినట్టే అనిపించింది. తలుపు దగ్గర చిన్నాయమ్మ రెండు చేతులూ జోడించి, కళ్లు ఆర్పకుండా చూస్తోంది.

"ఆఖరిసారి," అని సారు గడియారాన్ని సున్నాకి తిప్పి మళ్లీ నొక్కాడు.

బాబాయి దగ్గాడు. అందరూ అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారు. రెండోసారి దగ్గినప్పుడు పదింటికి తాగిన పాలు గొంతులోకి ఎగదన్నాయి. వెల్లకిలా ఉన్న మనిషి, మింగే శక్తి సగమే ఉన్న గొంతు. మొహం కందగడ్డలా అయిపోయింది, కళ్లు తేలేశాడు. గొంతులో గురగురమని చప్పుడు.

"అక్కా!" అని చిన్నాయమ్మ రెండడుగులు ముందుకి దూకింది. లిఫ్టు ఆమె చెయ్యి పట్టి ఆపేశాడు. "ముట్టుకుంటే రద్దవుతుంది, నీ పోస్టే పోతుంది," అన్నాడు. ఆ చివర నుంచి హెడ్ నర్సు సూది వదల్లేక, "తిప్పండి, తిప్పండి," అని అరుస్తోంది.

పెద్దాయమ్మ ఏమీ ఆలోచించలేదు. మోకాలు మంచం అంచుకి ఆనింది, దుప్పటి మణికట్టుకి చుట్టుకుంది, ఎనభై కిలోల మనిషి ఒక్క ఊపున పక్కకి తిరిగాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టి తీసింది, వీపు మీద చరిచింది. పాలూ నురగా దిండు మీద పడ్డాయి. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

సారు బొటనవేలు గడియారాన్ని నొక్కేసింది. అది కూడా అలవాటే.

"పంతొమ్మిది సెకన్లు," అన్నాడు, తనకే వినిపించేంత మెల్లగా.

హెడ్ నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది. నాడి చూసి, ఫరవాలేదని తల ఊపి, ఆఫీసరు వైపు తిరిగింది. "ఇది లెక్కలోకి రాదు సార్. మనిషి ప్రాణం పోతుంటే చేసింది. ఇలా రోజుకి పద్నాలుగు మందిని తిప్పగలదా ఎవరైనా?"

"నాకు తెలుసు సిస్టర్. కానీ ఇందులో సాధ్యం, అసాధ్యం అని రెండు గళ్లే ఉన్నాయి. ఎందుకు చేశారో రాయడానికి గడి లేదు. మీరంతా చూశారు, పై నుంచి అడిగితే నేను లేదని ఎలా చెప్పను?"

అతను సాధ్యం అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఆవిడ ఇంకేదో అనబోయింది గాని, ఆ చివర సూది ఎక్కిస్తున్న మనిషి మూలుగుతుంటే అటు పరుగెత్తింది. ఉన్న నర్సు కూడా ఆవిడ ఒక్కతే.

సారు కాగితం, కలం మంచం దగ్గరికి తెచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

బాబాయికి ఇంకా డోకు తగ్గలేదు. పెద్దాయమ్మ ఒక చెయ్యి ఆయన భుజం వెనక ఉంది, రెండోది బుగ్గ కింద ఉంది. ఆయన ఎడమచెయ్యి ఆమె చీర కుచ్చెళ్లని పట్టుకుని వదల్లేదు.

"వదిలితే వెల్లకిలా పడిపోతాడు సార్."

"ఒక్క క్షణం చాలు."

"అయితే ఆ క్షణం మీరు పట్టుకోండి."

అతను ముసలాయన గడ్డం మీద కారుతున్నది చూశాడు, తన చొక్కా చూసుకున్నాడు. ఒక అడుగు ముందుకి వేసినట్టే వేసి ఆగిపోయాడు. ఇంకెవరినైనా పిలుద్దామని చుట్టూ చూశాడు. లిఫ్టు తల తిప్పేసుకున్నాడు. వార్డులో ఆయా అనేవాళ్లు ఇంకెవరూ లేరు. చివరికి నిలబడే కాగితం కింద ఒక లైను రాసి, నిబంధన ప్రకారం పైకి చదివాడు.

"సంతకం చేయడానికి నిరాకరించారు."

తలుపు దగ్గర చిన్నాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇరవై రెండేళ్లలో ఎవరు ఏ పని చెప్పినా సరేనన్న మనిషి, ముసలాయన బుగ్గ కింద నుంచి చెయ్యి తియ్యకుండానే తలెత్తి ఆఫీసరుని చూసింది.

"సరిగ్గానే రాశారు సార్," అంది.