మూడో నాబు

కోడుమూరు బస్టాండు వెనకాల నేను రిపేరు కొట్టు పెట్టి ముప్పై రెండేళ్లు. అప్పట్లో రేడియోలు, టేపులు, మైకుసెట్లు. ఇప్పుడు బ్లూటూత్ డబ్బాలు. ఏదైతేనేం, అందులోంచి గరగర తీసేయడమే నా బతుకు. మూత విప్పకుండా చెవి ఆనించి ఏ భాగం పోయిందో చెప్పేవాణ్ణి. ఆనందం చెవి అంటే ఊళ్లో ఒక పేరు. ఆ పేరు గురించి అందరికంటే ఎక్కువ చెప్పుకునేది నేనే అనుకోండి.

అలాంటి నా కొట్టుకు నా కూతురు ఆరాధన ఒక టిఫిన్ డబ్బా పట్టుకొచ్చింది. ఆమె కర్నూలులో పాలిటెక్నిక్ చదువుతోంది. చిన్నప్పుడు బడికి తీసుకుపోయిన అల్యూమినియం డబ్బానే అది. మూత మీద తిప్పడానికి రెండు నాబులు, నొక్కడానికి ఒక మీట బిగించింది. దీన్ని పెడల్ అంటారట. గిటారుకూ స్పీకరుకూ మధ్య పెట్టి కాలితో నొక్కితే, శుభ్రంగా మోగే తీగ గరగరలాడుతుందట.

"అంటే కావాలనే చెడగొట్టేదా?" అన్నాను.

"అవు నాయనా. కానీ అందంగా చెడగొట్టల్ల. ఇది చెవుల్లో గుచ్చుకుంటాండాది. కొంచెం సూడు."

ఇంకెవరైనా అయితే డబ్బాతో సహా పంపేసేవాణ్ణి. కానీ పోయిన ఏడాది మా చర్చి కోత పండుగ నాకు గుర్తుంది. ఆరాధన గిటారు వాయిస్తే, కీబోర్డు, డ్రమ్ముల మోతలో ఒక్క తీగ కూడా ఎవరికీ వినపడలేదు. పాటయ్యాక ఒకామె వచ్చి, "నువ్వు కూడా వాయించినావా అమ్మీ?" అని అడిగింది. ఇంటికొచ్చి గిటారుకు దుప్పటి కప్పేసి, ఆరు నెలలు ముట్టుకోలేదు పిల్ల. ఈ ఆదివారం మళ్లీ పండుగ. శనివారం కమిటీ విని సరేనంటేనే వాయించనిస్తారు.

మూత విప్పి చూశాను. టంకం అతుకులు నావాటికంటే శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు. లోపల ఆమె వేసిన రెండు కొత్తరకం డయోడ్లు ఉన్నాయి. శబ్దం పైకి లేవబోతే కొడవలి పెట్టినట్టు తల తెగ్గోసేవి అవే. నా సొరుగులో పాత ట్రాన్సిస్టర్ రేడియోల నుంచి తీసి దాచుకున్న గాజు డయోడ్లు ఉన్నాయి. అవి మెత్తగా కోస్తాయి. ఆమెవి పీకి, నావి రెండు అతికించి, గురువారం పంపేశాను.

శుక్రవారం సాయంత్రం కొట్లోనే వాయించి వినిపించింది. కళ్లు మూసుకుని విన్నాను. గుచ్చుకోవడం పోయింది. బరువుగా, నున్నగా ఉంది.

"తేనె మాదిరి ఉండాది! అదీ పాత గాజంటే. నా చెవికి తెలుస్తాదమ్మీ!" అన్నాను. టీ తెచ్చినవాణ్ణి కూడా నిలబెట్టి పావుగంట డయోడ్ల గురించి చెప్పాను. ఆరాధన తల వంచుకుని వైర్లు చుట్టుకుంది.

ఇక కమిటీ సంగతి. చూపించిన దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం మా కమిటీకి అవమానం. గోడకు తెల్లసున్నం వేయడానికి మూడు మీటింగులు పెట్టారు. అందుకని శనివారం పొద్దున డబ్బా విప్పకుండానే, పైనుంచి ఒక మర దించి మూత మీద మూడో నాబు బిగించాను. మిగతా రెంటికంటే పెద్దది, నిగనిగలాడేది.

"నాయనా, దీనికి వైరే లేదే," అంది ఆరాధన.

"ఉంటేనే ప్రమాదం," అన్నాను.

చర్చిలో కమిటీ కూర్చుంది. సంఘపెద్ద ఏసన్న నలభై ఏళ్లు హార్మోనియం వాయించినాయన. ఆరాధన మీట నొక్కి ఒక వరస వాయించగానే ఉలిక్కిపడ్డాడు.

"ఏమప్పా ఆనందం, పిండిమర మాదిరి అరుస్తాండాదే! దేవుని మందిరంలో ఇదేంది?"

"ఈ పెద్ద నాబు తిప్పి సూడన్నా. అంతా నీ చేతిలోనే ఉండాది."

ఆయన ఊపిరి బిగబట్టి ఎడమకు తిప్పాడు. ఆరాధన అదే వరస వాయించింది. "ఆ! ఇప్పుడు గంభీరం వచ్చె," అన్నాడు.

ఇంకో సభ్యురాలు జ్ఞానమణి టీచరు ఒప్పుకోలేదు. "శానా సప్పగా అయిపాయె ఏసన్నా. పిల్లోళ్లు నిద్రపోతారు," అంటూ కుడికి తిప్పింది. ఆయన మళ్లీ ఎడమకు. అరగంట వాదులాట తర్వాత ఇద్దరికీ మధ్యలో ఒక చోట కుదిరింది. అక్కడ నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టించి, కమిటీ అనుమతి లేకుండా ఎవరూ కదపరాదని తీర్మానం రాశారు. నేను నవ్వాపుకోలేక బయటికొచ్చి మొహం కడుక్కున్నాను.

ఆదివారం చర్చి నిండా జొన్నకంకులు, వేరుశనగ చెట్లు, గుమ్మడికాయలు. మొదటి పాటకే ఆరాధన కాలితో మీట నొక్కింది. డ్రమ్ములు, కీబోర్డు అన్నీ దాటుకుని ఆ గిటారు వెనకబెంచీ దాకా వచ్చింది. ముసలివాళ్లు కూడా తలలు తిప్పి ఎవరా అని చూశారు. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

బయట ఏసన్న, జ్ఞానమణి టీచరు ఎవరికి వారు ఆ నాబును ఎంత కచ్చితంగా తిప్పారో జనానికి చెప్తున్నారు. ఇంటికొచ్చి మా ఆవిడకు ఆ కథంతా చెప్పి పడీ పడీ నవ్వాను.

"వాళ్లవీ ఒక చెవులేనా? అంతా నా గాజు డయోడ్ల మహిమ. ఉండు, సూపిస్తా," అని టిఫిన్ డబ్బా తీసుకున్నాను.

"వద్దులే నాయనా," అంది ఆరాధన. అప్పటికే మూత తీశాను.

నా గాజు డయోడ్లు ఉన్నాయి. రెంటికీ ఒక్కో కాలు అతుకు ఊడి గాల్లో లేచి ఉంది, అంటే వాటికి పనే లేదు. పక్కనే ఆమె డయోడ్లు మళ్లీ అతికించి ఉన్నాయి. వాటి పక్కన, మొన్న నేను విప్పినప్పుడు లేని చిన్న కెపాసిటర్ ఒకటి.

"ఎప్పుడు మార్చినావు?"

"బేస్తవారం ఇంటికి తెచ్చుకున్నంకనే. నీవి వేస్తే శబ్దం సగానికి పడిపాయె నాయనా. డ్రమ్ముల కింద మళ్లీ వినపడదని భయమేసింది. అందుకే నావే పెట్టి, ఈ కెపాసిటర్ ఏసినా. పైన గుచ్చుకునేదంతా ఇది మింగేస్తాది."

"మరి శుక్రవారం నేను విన్నది?"

"ఇదే."

"నావి పూర్తిగా పీకేయకుండా ఏమిటికి ఉంచినావు?"

"నువ్వు మూడో నాబు ఏమిటికి పెట్టినావు?" అంది మెల్లగా. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, కనీసం కోప్పడేవాణ్ణి. మా ఆవిడ మాత్రం ఈసారి నాకంటే ఎక్కువ నవ్వింది.

సోమవారం ఏసన్న కొట్టుకొచ్చాడు. "ఆనందం, వచ్చే ఏడు ఆ నాబు ఒక వెంట్రుకంత ఎడమకు జరపల్లప్పా. నా చెవికి తెలుస్తాండాది," అన్నాడు.

పోయిన వారమైతే లోలోపల నవ్వుకునేవాణ్ణి. కుర్చీ లాగి ఆయన్ని నా పక్కనే కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ టీ చెప్పాను.