నాలుగూ ఒకేసారి

మా నాన్న లెక్కలో పన్నెండు వోల్టులది కరెంటే కాదు. ఇళ్లకు వైరింగ్ చేస్తూ నలభై ఏళ్లు గడిపిన మనిషి ఆయన. కొడితే మనిషి ఎగిరి అవతల పడాలి, అప్పుడే దానికి ఆయన దగ్గర మర్యాద. నేను ఆరేళ్లుగా వీధి చివర షెడ్డులో మోటారుసైకిళ్ల వైరింగ్ చేస్తున్నాను. ఎవరైనా నా సంగతి ఎత్తితే, అమ్మాయి బ్యాటరీలతో ఆడుకుంటోంది అని చెప్పేవాడు.

ఈమధ్య ఆ షెడ్డు అమ్ముడుపోయింది. వచ్చే నెల నుంచి నాకు పని చేసుకునే చోటు లేదు. మా ఇంటి ముందు గదికి వీధిలోకి తలుపుంది. అందులో కాపురముండేది పాత స్విచ్ బోర్డులు, పనికిరాని వైరు చుట్టలు మాత్రమే. అది నాకివ్వమని అడిగాను. అప్పటికే ఒక టైలరుకు మాటిచ్చేశాననీ, సోమవారం తొమ్మిదింటికి అతను తాళంచెవి కోసం వస్తాడనీ చెప్పాడు నాన్న. నేను పట్టు విడవలేదు. అమ్మ నా వైపు మాట్లాడింది. దాంతో ఆయనకు పంతం వచ్చింది. తన బండికి కొనుక్కొచ్చిన ఎల్ఈడీ ఇండికేటర్ల పెట్టెను మా ముందు పెట్టాడు.

"వీటిని నేనే బిగిస్తాను. టైలరు చేతిలో తాళంచెవి పెట్టేలోపు నిన్ను ఒక్క మాట అడిగానంటే గది నీది. అడక్కుండా పని పూర్తయిందనుకో, నీది ఎవరైనా చేసే పనేనని ఒప్పుకోవాలి."

సరేనన్నాను.

ఇళ్ల వైరింగ్‌లో నల్ల వైరు న్యూట్రల్. ఆయన చేతులకు అది వేదవాక్కు. అందుకని ఆదివారం పొద్దున్నే కొత్త దీపాల నల్ల వైర్లను తీసుకెళ్లి బండి నల్ల వైరుకే కలిపాడు. మా బండిలో నల్లది ప్లస్, మైనస్‌కు ఆకుపచ్చ. నేను నోరు విప్పలేదు, ఆయన అడగలేదుగా. బండి తాళం తిప్పి స్విచ్ వేస్తే ఒక్క దీపమూ వెలగలేదు. నకిలీ సరుకు అంటగట్టారని చొక్కా తొడుక్కుని దుకాణానికి వెళ్లి తగాదా పెట్టుకున్నాడు. దుకాణదారు ఒక దీపాన్ని బ్యాటరీకి ఆనించాడట. శుభ్రంగా వెలిగిందట. ఇంటికొచ్చి ఒక్కో రంగూ పట్టుకుని ఏడు వైర్లు ప్రయత్నించాడు. రెండు ఫ్యూజులు పోయాయి.

ఎట్టకేలకు మధ్యాహ్నానికి దీపాలు వెలిగాయి. కాకపోతే ఎడమ స్విచ్ వేస్తే నాలుగూ కన్నుకొట్టాయి. కుడివైపు వేసినా నాలుగూ కన్నుకొట్టాయి.

ఇందులో మాయేమీ లేదు. ఇలాంటి పాత బళ్లలో మీటరు పక్కన ఇండికేటర్ల గుర్తుగా ఒకటే చిన్న బల్బు ఉంటుంది. దాని ఒక కాలు ఎడమ వైరుకు, ఇంకో కాలు కుడి వైరుకు కలిసి ఉంటాయి. దాని గుండా అవతలి వైపుకు జారే కాస్త కరెంటు, తిండిపోతుల్లాంటి పాత బల్బులకు ఏ మూలకూ చాలేది కాదు. ఎల్ఈడీలకు అదే కడుపునిండా భోజనం.

తనకు అంతుబట్టనిదల్లా నాన్నకు అదనపు సౌకర్యంగా కనిపిస్తుంది. మనం తిరగబోతున్నామని వెనకవాడికి తెలిస్తే చాలనీ, ఎటు అన్నది తిరిగాక వాడే చూసుకుంటాడనీ అమ్మకు వివరించి, అన్నం తిని పడుకున్నాడు.

రేపు పొద్దున టైలరు ఎదుట ఆ స్విచ్ ఒక్కసారి నొక్కితే ఆయన నన్ను అడగక తప్పదు, గది నాది. కానీ ఆదివారం సాయంత్రాలు ఆయన లారీల రోడ్డు దాటి మా మేనత్త ఇంటికి వెళ్తాడు. ఎంత కోపమున్నా నాకు భయం వేసింది. హెడ్‌లైటు విప్పి, ఆ చిన్న బల్బు ఒక కాలును మైనస్‌కు కలిపి, ఇంకో కాలికి ఎడమ, కుడి వైర్లను చెరో డయోడు గుండా తెచ్చాను. డయోడంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే గింజంత ముక్క. ఎటు పోనిస్తుందో చెప్పడానికి ఒక చివర తెల్ల గీత ఉంటుంది. పైన టేపు చుట్టి, చివర కొంచెం మడిచాను. తర్వాత విప్పేవాళ్ల గోటికి అందాలని నా అలవాటు. నాన్న ఎన్నడూ మడవడు, తన జాయింటును ఇంకొకరు విప్పే అవసరమే రాదని ఆయన ధీమా. చేతులారా గది పోగొట్టుకుంటున్నానని అమ్మ గొణుగుతూనే ఉంది, టార్చి మాత్రం కదలకుండా పట్టుకుంది.

ఆయన నిద్ర లేచి స్విచ్ వేస్తే ఎడమకు ఎడమవే, కుడికి కుడివే వెలిగాయి. కొత్త సరుకుకు కాస్త విశ్రాంతి ఇస్తే అదే సర్దుకుంటుందని నాన్న తేల్చేశాడు. వీధిలో ఎదురైన ప్రతివాళ్లకూ చూపించి మరీ బయల్దేరాడు. నాది ఎవరైనా చేసే పనేనని ఆ రాత్రి ఒప్పుకున్నాను.

సోమవారం తొమ్మిదింటికి టైలరు కుట్టుమిషనుతో సహా దిగాడు. నాన్న బండి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. హెడ్‌లైటు విప్పి ఉంది. నాలుగు దీపాలూ ఒకేసారి కన్నుకొడుతున్నాయి. నేల మీద చివర మడిచిన టేపు ముక్క పడి ఉంది. ఆయన ఒక చేతిలో గది తాళంచెవి, ఇంకో అరచేతిలో నా డయోడ్లు ఉన్నాయి.

టైలరు చెయ్యి చాచాడు. నాన్న అటు చూడకుండా నన్ను పిలిచాడు.

"ఈ గీత ఎటు ఉండాలమ్మా?"

రెండు ముక్కలను పెట్టడానికి ఉన్న దారులు నాలుగే. నిన్న ఏడు రంగులు ప్రయత్నించిన మనిషి నాలుగు దారులకు అలిసిపోయి అడిగాడంటే నేను నమ్మను.

"చిన్న బల్బు వైపు, నాన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, డయోడ్లతోపాటు తాళంచెవినీ నా చేతిలో పెట్టాడు. తర్వాత టైలరు వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దనీ, గదిలో వైరింగ్ బాగాలేదనీ, పని తెలిసినవాళ్లు చూడాల్సి ఉందనీ చెప్పాడు.

ఆ గదికి వైరింగ్ చేసింది ఆయనే.