కాశీపతిగారి కడుపులో కనబడని గొట్టం

నేను ఒక గొట్టాన్ని. బట్టా, తీగా కలిపి కుట్టిన రెండు కాళ్ల పంట్లాం లాంటి గొట్టాన్ని. తక్కిన వస్తువులు చేతులు మారుతూ లోకం చూస్తాయి. నాకు మాత్రం ఒక్కరే యజమాని, తణుకు కాశీపతిగారు. ఆయన పొట్టలోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బితే, తొడ దగ్గర చిన్న గాటు పెట్టి నన్ను లోపలికి పంపారు. నెత్తురు నాలోంచి పోతే బుడగ పగలదు. అదీ నా ఉద్యోగం.

నేను జారవచ్చు, నా పక్కనుంచి నెత్తురు కారవచ్చు. అందుకని ఏడాదికోసారి స్కాన్ తప్పదన్నారు డాక్టరుగారు. కాశీపతిగారు రైసుమిల్లు నడిపిన మనిషి, ఎవరికీ జంకరు. స్కాన్ గదంటే మాత్రం చెమటలు. రెండేళ్లు ఎగ్గొట్టారు. మూడో ఏడు నా పైఅంచు దగ్గర నిజంగానే కారడం మొదలైంది. బుడగ మళ్లీ ఉబ్బుతోంది. అరుద్దామంటే నాకు నోరేదీ?

డాక్టరుగారు కబురు మీద కబురు పెడితే, కాశీపతిగారు తమ్ముడు విశ్వపతిని పిలిచారు. అతనికీ అన్నగారి ముక్కే, అన్నగారి మీసమే.

"ఒరే, నా పేరు చెప్పి నువ్వెళ్లి పడుకో."

"నీ కడుపు చూడాలంటే నా కడుపేంటన్నయ్యా?"

"కడుపులన్నీ ఒకటేరా!"

ఆ ఇంట్లో ఇది వాడుకే. బళ్లో టీకాలేసిన రోజున కూడా అన్న వంతు తమ్ముడే పొడిపించుకున్నాడట. విశ్వపతి వెళ్లి పడుకొచ్చాడు.

మర్నాడు ఫలితం కోసం కాశీపతిగారే వెళ్లారు. డాక్టరుగారి మొహం పాలిపోయి ఉంది.

"కాశీపతిగారూ, మీలో గొట్టం లేదండీ!"

ఎదురుగా ఉన్న నన్ను లేదనేసరికి నాకు ఒళ్లు మండింది. నర్సు ఆయన కాళ్లకేసి అనుమానంగా చూసి, "ఇంటి దగ్గరేమైనా పడిందాండీ?" అని అడిగింది.

"బుడగ చాలా పెద్దదైంది. ఏ క్షణాన్నైనా పగలొచ్చు. ఇప్పుడే చేరిపోండి" అన్నారు డాక్టరుగారు.

కాశీపతిగారి గుండె నాలో దడదడా కొట్టుకుంది.

"ఆ కడుపు నాది కాదండీ. మా తమ్ముడిది" అంటూ ఏడ్చేశారు.

బయట స్కూటర్ మీద కూర్చున్న విశ్వపతిని నడిపించకుండా చక్రాల కుర్చీలో తెచ్చారు. సంగతి విని అతను మొండికేశాడు.

"అన్నయ్య స్కాన్‌కి పడుకుంటేనే నేను ఆపరేషన్‌కి పడుకుంటాను."

కాశీపతిగారు స్కాన్ గదిలోకి నడిచారు. కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్నారు. తెర మీద నేనూ కనిపించాను, నా పక్కన కారుతున్న నెత్తురూ కనిపించింది. వారంలో నాకో మరమ్మతు, విశ్వపతికి నాలాంటిదే కొత్త గొట్టం.

అన్నదమ్ములకి పక్కపక్క మంచాలే ఇచ్చారు. కాశీపతిగారు తమ్ముడికేసి తిరిగారు.

"ఒరే, వచ్చే ఏడు స్కాన్‌కి..."

"నువ్వే వెళ్లాలి."

"నేనే వెళ్తాలేరా. చెయ్యి పట్టుకుంటావేమోనని."

ఆ గదిలోకి రెండో మనిషిని రానివ్వరని విశ్వపతికి బాగా తెలుసు. అయినా "అలాగే అన్నయ్యా" అన్నాడు. కాశీపతిగారి గుండె దడ తగ్గి, నాలోంచి పోతున్న నెత్తురు అప్పుడు నెమ్మదించింది.